బహ్రెయిన్ క్రైస్తవుల దాంపత్య ప్రేమ

ఇస్సాకు తన భార్య రిబ్కాతో సరసమాడుతుంటే రాజు అబీమెలెకు కిటికీలోంచి చూస్తాడు. ఇస్సాకు చెప్పుకున్నట్టు వాళ్లు అన్నాచెల్లెళ్లు కారనీ, ఆలుమగలనీ అతనికి తెలిసింది ఆ సరసం వల్లనే. ఆదికాండము 26వ అధ్యాయం ఆ సరసాన్ని ఎక్కడా తప్పు పట్టదు. ఇక పరమగీతము నిండా ప్రియుడూ ప్రియురాలూ ఒకరినొకరు నోరారా పొగుడుకోవడమే. అయినా 3వ శతాబ్దపు ఓరిగెన్ మొదలు 12వ శతాబ్దపు బెర్నార్డు దాకా చాలామంది పండితులు ఆ గీతాన్ని క్రీస్తుకూ సంఘానికీ, దేవునికీ ఆత్మకూ మధ్య ప్రేమగానే వివరించారు. అందులో గొప్ప భక్తి ఉంది. కానీ ఆ పుస్తకం కాపురం చేసుకునేవాళ్లకు దూరమైపోయింది.

బహ్రెయిన్‌లో క్రైస్తవుల కథ చాలా పాతది. ముహర్రక్ దీవిలోని సమాహీజ్ గ్రామంలో తవ్వకాల్లో బయటపడిన క్రైస్తవ కట్టడం 4వ శతాబ్దం మధ్య నుంచి 8వ శతాబ్దం మధ్య వరకు వాడుకలో ఉంది. అది మఠమో, బిషప్పు నివాసమో ఇంకా తేలలేదు. అప్పట్లో ఈ ప్రాంతం తూర్పు సంఘం (చర్చ్ ఆఫ్ ది ఈస్ట్) కింద ఉండేది. గురువులకు పెళ్లి తగదని పశ్చిమ సంఘం అంటున్న రోజుల్లో, 486లో తూర్పు సంఘం తన గురువులకు పెళ్లిని అనుమతించింది. 544లో బిషప్పులకు ఆ అవకాశం తీసేసినా గురువులకు మిగిలింది. 676లో ఖతీఫ్ తీరాన ఉన్న దారిన్ దీవిలో జరిగిన సభ, క్రైస్తవుల పెళ్లి సిలువ ఎదుట, గురువు ఆశీర్వాదంతో జరగాలని నిర్ణయించింది. పెళ్లికి గౌరవం దక్కింది. ఆలుమగల మధ్య ప్రేమ గురించి మాత్రం ఈ నియమాలు మాట్లాడలేదు.

శతాబ్దాల తర్వాత బహ్రెయిన్‌లో ఆ మాట చెప్పింది, నా దృష్టిలో, ఒక మిషనరీ జంట. అమెరికన్ మిషనరీ సామ్యూల్ జ్వెమర్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నర్సు ఎమీ విల్క్స్ 1896 మే 18న బాగ్దాద్‌లో పెళ్లి చేసుకున్నారు. గడువుకు ముందే వెళ్లిపోయే నర్సు ప్రయాణపు ఖర్చు తిరిగి కట్టాలని ఆమె సంస్థ నియమం. జ్వెమర్ ఆ సొమ్ము కట్టి ఆమెను తెచ్చుకున్నాడు. బహ్రెయిన్‌లో 1899లో ఎమీ మొదలుపెట్టిన బాలికల బడే నేటి అల్ రజా స్కూలుకు మూలం. 1904 జూలైలో వాళ్ల కూతుళ్లు కాథరీనా, రూత్ ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ బహ్రెయిన్‌లోనే సమాధి చేశారు. అంత దుఃఖం తర్వాతా ఆ దంపతులు కలిసే పనిచేశారు. అరేబియా గురించి పిల్లల కోసం ఇద్దరి పేర్లతో రాసిన రెండు పుస్తకాల్లో రెండోది 1911లో వచ్చింది. భార్య పేరు తన పేరు పక్కన అచ్చులో ఉంచడం కూడా ప్రేమను బాహాటంగా చెప్పడమే.

వాళ్లు పనిచేసిన అమెరికన్ మిషన్ నుంచే 1906లో మనామాలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి పుట్టింది. నేడు అక్కడ ఆరాధించే భారతీయ భాషల సంఘాల్లో తెలుగూ ఉంది. అయితే గల్ఫ్‌లోని తెలుగువాళ్లలో చాలామందికి ఆలుమగల ఎడబాటు తప్పదు. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ ఇళ్లలో పనికి గల్ఫ్‌కు వచ్చే స్త్రీల భర్తలు ఊళ్లోనే ఉండిపోతారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చే మగవాళ్ల భార్యలూ అంతే. నిర్ణీత కనీస జీతం లేనిదే కుటుంబ వీసా రాదు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి మాటలు క్యాసెట్టులో రికార్డు చేసి పంపేవారు. ఇంటిల్లిపాదీ కూర్చుని వినే ఆ క్యాసెట్టులో భార్యను ప్రేమగా పలకరించడానికి భర్తకు నోరు పెగిలేది కాదు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది, కానీ నలుగురు పడుకునే గదిలో అదే మొహమాటం.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు, ప్రార్థన కోసం ఇద్దరూ ఒప్పుకుని కొంతకాలం తప్ప దంపతులు ఎడబాటుగా ఉండొద్దంటాడు. వీసా కోసం ఏళ్ల తరబడి విడిపోయినవారికి ఆ మాట ఎంత అవసరమో! మన బోధకుల్లో చాలామంది భార్యలు లోబడటం గురించి చెప్పినంత తరచుగా ఈ అధ్యాయం చెప్పరు. బహ్రెయిన్‌లోని తెలుగు కాపరులారా, పరమగీతాన్ని దంపతుల గీతంగా కూడా ప్రసంగించండి. ఊళ్లో భార్యనో భర్తనో వదిలి వచ్చిన సోదరులారా, సోదరీమణులారా, ఈ రాత్రి ఫోనులో డబ్బు లెక్కల కన్నా ముందు ప్రేమ మాట చెప్పండి. పక్కవాళ్లు విన్నా ఫర్వాలేదు.