పాతబస్తీ సినిమాల్లో ఎవరి మాట?

పాతబస్తీని సినిమా ఎలా చూపిందని అడిగితే చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్ ఏయే సినిమాల్లో కనిపించాయో లెక్క చెబుతారు. అది సరైన లెక్క కాదు. కట్టడాలను సెట్టు వేసైనా తేవచ్చు. 2003లో ‘ఒక్కడు’ కోసం గుణశేఖర్ చార్మినార్‌నే సెట్టుగా కట్టించారు. సినిమా బాగా ఆడింది, సెట్టుకూ పేరొచ్చింది. కానీ ఆ చార్మినార్ నీడన పెరిగిన కథానాయకుడు మాట్లాడింది మన తెర మీద ఏ ఊరి హీరో అయినా మాట్లాడే తెలుగే. సెట్టు వేసి తేలేనిది మాట. పాతబస్తీ ఉర్దూ అయిన దక్కనీ ఎవరి నోట, దేనికోసం పలికిందో చూస్తేనే ఈ చరిత్ర అర్థమవుతుంది.

మొదట్లో అసలు మాటే లేదు. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ నిజాం ఆదరణతో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. 1924లో ‘రజియా బేగం’ సినిమాను ప్రదర్శించినందుకు అదే నిజాం ఆగ్రహానికి గురై ఊరు విడిచారు. టాకీలు వచ్చాక దక్కనీకి బొంబాయిలో దొరికిన చోటు హాస్యగాడిది. 1591లో ఈ నగరాన్ని నెలకొల్పిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష, 1965 నాటి ‘గుమ్‌నామ్’లో మెహమూద్ వేసిన నౌకరు పాత్ర నోట నవ్వులాట అయింది. మెహమూద్ ప్రతిభకు వంక పెట్టలేం. కాకపోతే అక్కడ ప్రేక్షకుడు నవ్వేది చమత్కారానికి ఎంతో, యాసకూ అంతే. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1974లో ‘అంకుర్’ తీసి, ఆ యాసలోనే ఒక కుమ్మరి ఇల్లాలి బాధ చెప్పించారు. అప్పుడెవరూ నవ్వలేదు. లోపం భాషది కాదని తేలిపోయింది.

సాగర్ సర్హదీ ‘బజార్’ 1982లో వచ్చింది. గల్ఫ్ డబ్బుకు ఆడపిల్లల నిఖా బేరమాడే తీరు దాని కథ. బస్తీ మొత్తానికి ఈ సినిమా మచ్చ తెచ్చిందనే వారున్నారు. కానీ తొమ్మిదేళ్ల తర్వాత, 1991లో, ఒక ముసలి అరబ్బు పెళ్లాడి తీసుకుపోతున్న ఈ ఊరి బాలిక విమానంలో ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ గమనించి కాపాడింది. దేశమంతా ఉలిక్కిపడింది. కాబట్టి సినిమా చెప్పింది అబద్ధం కాదు. మఖ్దూం మొహియుద్దీన్ గజల్‌ను వాడుకుని, ఈ ఊరి కవితకూ అది చోటిచ్చింది. దాని పరిమితి వేరే ఉంది. అందులో బస్తీ ఆడపిల్ల జాలిపడదగినదే తప్ప, ఎదురు చెప్పి నెగ్గగలిగేది కాదు.

2005-06 ప్రాంతంలో కుంట నిఖిల్ ‘ది అంగ్రేజ్’తో ఆట తిరగబడింది. అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకూ చార్మినార్ దగ్గరి ఇస్మాయిల్ భాయ్ ముఠాకూ పేచీ. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, కోతలరాయుడు సలీంగా మస్త్ అలీ నోటికొచ్చిన గొప్పలు పోతారు. పనీపాటా లేని పోకిరీలుగా చూపి బస్తీని మళ్లీ నవ్వులపాలు చేశారనే ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయినా ‘గుమ్‌నామ్’కూ దీనికీ తేడా స్పష్టం. అక్కడ దక్కనీ మాట్లాడేవాడు ఒక్కడే, మిగతావాళ్ల మధ్య వింతగా కనిపిస్తాడు. ఇక్కడ సినిమా నడకే దక్కనీది, వింతగా మిగిలేది అంగ్రేజులు. పైగా ఇస్మాయిల్ ముఠా డాంబికాన్ని ఎండగట్టేది బయటివాడి వెటకారం కాదు, ఆ ముఠాలోవాళ్లే. ఆ తర్వాత ‘హైదరాబాద్ నవాబ్స్’ అదే దారి పట్టింది.

బయటివాళ్లు ఏడిపించారు, ఊరివాళ్లు నవ్వించారు అని ముగిస్తే చక్కగా కుదిరినట్టే ఉంటుంది గానీ, 1983 నాటి ‘మండీ’ దానికి ఒప్పుకోదు. గులాం అబ్బాస్ కథను బెనెగల్ హైదరాబాద్ నేపథ్యంలో తీశారు. వేశ్యావాటిక నడిపే రుక్మిణీబాయిగా షబానా ఆజ్మీ ఊరి పెద్దమనుషులతో బేరమాడుతుంది, బుజ్జగిస్తుంది, గద్దిస్తుంది, దబాయిస్తుంది. ‘బజార్’ ఆడవాళ్లకు ఇవ్వని చమత్కారం, ‘అంగ్రేజ్’ మగవాళ్లకే అట్టిపెట్టిన వాగ్ధాటి రెండూ ఆమెకు దక్కాయి. అంటే తర్వాతి హాస్య సినిమాలు సొంత గొంతును సంపాదించినా, అంతకుముందే తెరకెక్కిన సగం బస్తీని వదిలేశాయి. దక్కనీలో ఎన్ని సినిమాలు వచ్చాయన్నది ఇకపై కొలమానం కాకూడదు. రుక్మిణీబాయి తర్వాత ఆ భాషలో చివరి మాట తనదిగా చేసుకున్న ఆడది ఏ సినిమాలో ఉందో చూడాలి.