దారి చెప్పే గడియారాలు

ఫోన్‌లో నీలం చుక్క కదులుతుంటే పైనుంచి ఎవరో మనల్నే గమనిస్తున్నారని చాలామంది అనుకుంటారు. సినిమాలో పోలీసు అధికారి 'శాటిలైట్‌లో లొకేషన్ దొరికింది సార్' అన్నప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది. నిజానికి జీపీఎస్ ఉపగ్రహానికి కళ్లూ లేవు, మన ఊసూ పట్టదు. కింద ఎన్ని కోట్ల ఫోన్లు తన మాట వింటున్నాయో కూడా దానికి తెలియదు. తాను ఎవరో, తన కక్ష్య ఏదో, తన గడియారంలో టైమెంతో రాత్రింబగళ్లు చెప్పుకుంటూ పోతుంది, అంతే. లెక్క కట్టుకోవాల్సింది వినేవాళ్లు. అందుకే ఈ ఉపగ్రహాల పుట్టుక చెప్పబోతే రాకెట్ల కంటే గడియారాల గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తుంది.

మొదలు మాత్రం గడియారంతో కాదు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసింది. ఆ తర్వాతి సోమవారం అమెరికాలోని మేరీల్యాండ్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీ క్యాంటీన్‌లో భోజనాల దగ్గర అదే చర్చ. లోకమంతా మాట్లాడుకుంటున్న ఆ బీప్ బీప్‌ను తమ లేబొరేటరీలో ఇంతవరకు ఎవరూ వినే ప్రయత్నమే చేయలేదని విలియం గైయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ భౌతికశాస్త్రవేత్తలకు తట్టింది. వైఫెన్‌బాక్ దగ్గర 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పట్టే రిసీవర్ ఉంది. ఇద్దరూ కూర్చుని విన్నారు, టేపు మీద రికార్డు చేశారు.

వింటుంటే ఒక సంగతి బయటపడింది. స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ కూత దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుందే, స్పుత్నిక్ స్వరం కూడా అలాగే మారుతోంది. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు డాప్లర్ ప్రభావం కొత్తేం కాదు. ఆ మార్పును గీతగా గీసి, ఆ ఒక్క గీత నుంచే ఉపగ్రహం మొత్తం కక్ష్యను రాబట్టడం కొత్త. ఒక గదిలో, ఒక యాంటెన్నాతో, కదలకుండా కూర్చుని ఆ పని చేశారు. ఎవరూ చెప్పని పని, ఏ ప్రాజెక్టులోనూ లేని పని.

1958 మార్చిలో వాళ్ల పై అధికారి ఫ్రాంక్ మెక్లూర్ ఇద్దరినీ పిలిచి లెక్కను తిరగేయమన్నాడు. మన చోటు తెలిస్తే ఉపగ్రహం దారి తెలుస్తోంది కదా, మరి ఉపగ్రహం దారి ముందే తెలిస్తే మన చోటు తెలుస్తుందా? ఆయన ఊరికే సరదాకు అడగలేదు. అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణులను జలాంతర్గాముల్లో పెట్టబోతోంది. నెలల తరబడి నీళ్లకింద తిరిగే జలాంతర్గామికి తానెక్కడుందో కచ్చితంగా తెలియకపోతే, అది వదిలే క్షిపణి ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు? గైయర్, వైఫెన్‌బాక్ లెక్క వేసి చూశారు. కుదిరింది. అలా పుట్టింది 'ట్రాన్సిట్'.

రిచర్డ్ కెర్ష్‌నర్ నాయకత్వంలో తయారైన మొదటి ట్రాన్సిట్ 1959 సెప్టెంబరులో కక్ష్యకు చేరనే లేదు. రెండోది 1960 ఏప్రిల్ 13న చేరింది. 1964 నాటికి నౌకాదళం వాడకం మొదలుపెట్టింది. తర్వాత సరుకు ఓడలూ, సర్వేయర్లూ అందుకున్నారు. 1996 చివరి దాకా పనిచేసిందంటే చిన్న విషయం కాదు. లోపమూ చిన్నది కాదు. ఒక ఉపగ్రహం నెత్తిమీదుగా పోయాక మరొకటి వచ్చేదాకా ఒక్కోసారి గంటకు పైగా ఆగాలి. పైగా వినేవాడు ఎంత వేగంతో కదులుతున్నాడో ముందే తెలిసి ఉండాలి. నింపాదిగా సాగే ఓడకు పర్వాలేదు, విమానానికి పనికిరాదు.

ఇక్కడి నుంచి కథ గడియారాల మీదికి మళ్లుతుంది. నావల్ రీసెర్చ్ లేబొరేటరీలో రోజర్ ఈస్టన్ అనే ఇంజనీరు స్వరం సంగతి వదిలేసి సమయం పట్టుకున్నాడు. ఉపగ్రహంలో మంచి గడియారం ఉంటే, సిగ్నల్ బయల్దేరిన క్షణానికీ చేరిన క్షణానికీ ఉన్న తేడాను వెలుతురు వేగంతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. పడవలకు దారి చెప్పేది గడియారమేనని పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇంగ్లండు వడ్రంగి జాన్ హ్యారిసన్ రుజువు చేశాడు. సముద్రం మీద రేఖాంశం తేల్చడానికి పనికొచ్చే గడియారం చేయడంలో ఆయన జీవితమే గడిచిపోయింది. ఈస్టన్ ఆ గడియారాన్ని ఆకాశంలోకి ఎక్కించాడు. క్వార్ట్జ్ గడియారంతో మొదటి 'టైమేషన్' ఉపగ్రహం 1967 మే 31న ఎగిరింది.

చిక్కల్లా పొరపాటు ఖరీదులోనే ఉంది. వెలుతురు ఒక్క నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లో వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారం మైక్రోసెకను తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ కచ్చితత్వం పరమాణు గడియారానికే సాధ్యం. దాన్ని ఉపగ్రహంలో ఎలాగో పెడతారనుకుందాం, వినేవాడి చేతిలోనూ పెట్టాలంటే ఎలా? జవాబు వైమానిక దళం వైపు నుంచి వచ్చింది. '621బి' అనే పేరుతో ఏరోస్పేస్ కార్పొరేషన్ చేసిన అధ్యయనాల్లో జేమ్స్ వుడ్‌ఫోర్డ్, హిదెయోషి నకమురా ఒక ఉపాయం తేల్చారు. మన చోటు తేలడానికి మూడు ఉపగ్రహాల దూరాలు చాలు. నాలుగోదాన్ని కూడా వింటే, మన చేతిలోని చౌక గడియారం ఎంత తప్పుగా నడుస్తోందో అది కూడా లెక్కలో తేలిపోతుంది. నాలుగు సమీకరణాలు, నాలుగు తెలియనివి. హైస్కూలు బీజగణితమే. ఇవాళ మామూలు ఫోన్‌లో పరమాణు గడియారం అక్కర్లేకుండా పోయిందంటే ఆ నాలుగో ఉపగ్రహం పుణ్యమే. ఈ చరిత్ర మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం తెచ్చిన ఆలోచన నాకు మరొకటి కనబడలేదు.

అన్ని ఉపగ్రహాలూ ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడినా కలగాపులగం కాకుండా, ఒక్కోదానికి ఒక్కో సంకేత వరుస ఇచ్చే పద్ధతి కూడా వైమానిక దళం వాళ్లదే. ఉపగ్రహం ప్రసారం చేసే శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఇరవై వేల కిలోమీటర్లు దిగి మన దగ్గరికొచ్చేసరికి ఆ సిగ్నల్ రిసీవర్ సొంత రొద కింద మునిగిపోతుంది. సంకేత వరుస ముందే తెలిసినవాడు మాత్రమే దాన్ని పైకి లాగగలడు.

నౌకాదళానికి ఒక పథకం, వైమానిక దళానికి ఇంకొకటి, ఇద్దరికీ పడదు. కర్నల్ బ్రాడ్‌ఫోర్డ్ పార్కిన్‌సన్ 1973 ఆగస్టులో వైమానిక దళం ప్రతిపాదన పట్టుకెళ్తే పెంటగాన్ తిప్పిపంపింది. అన్ని దళాలకూ పనికొచ్చేది తెమ్మన్నారు. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకు ఊరంతా పోతే, పార్కిన్‌సన్ డజను మందిని వెంటేసుకుని నిర్మానుష్యంగా ఉన్న పెంటగాన్‌లో కూర్చున్నాడు. సంకేతాలు 621బి నుంచి, కక్ష్యలో పరమాణు గడియారాలు ఈస్టన్ దారి నుంచి, కక్ష్యలు ముందే ఊహించి చెప్పే విద్య ట్రాన్సిట్ నుంచి తీసుకుని, సెలవులు అయ్యేసరికి జీపీఎస్ రూపురేఖలు తేల్చేశారు. డిసెంబరులో అనుమతి వచ్చింది. పార్కిన్‌సన్ ఆఫీసు గోడ మీద లక్ష్యం రాసి పెట్టుకున్నాడట: ఐదు బాంబులు ఒకే గుంతలో పడాలి, దారి చూపే పరికరం పది వేల డాలర్లలోపు రావాలి. ఇప్పుడు పెళ్లికార్డులో లొకేషన్ పంపుకునే మనకు దాని అసలు పుట్టుక ఇదని గుర్తుండదు.

జీపీఎస్‌కు తండ్రి ఎవరన్న తగవు ఇప్పటికీ తెగలేదు. పార్కిన్‌సన్‌కూ, ఏరోస్పేస్ కార్పొరేషన్ అధిపతిగా పనిచేసిన ఇవాన్ గెటింగ్‌కూ 2003లో డ్రేపర్ బహుమతి ఇచ్చారు. ఈస్టన్‌కు అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కింది. బిడ్డ ఒక్కతే, పంచుకునేవాళ్లు ఎక్కువ.

1977 జూన్‌లో మొదలైన ఒక పరీక్ష ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్లలేం. నేల మీద కంటే అంత ఎత్తులో గురుత్వం తక్కువ కాబట్టి గడియారం తొందరపడుతుందని, వేగంగా తిరుగుతుంది కాబట్టి కొంచెం మందగిస్తుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోవాలి. దూరం లెక్కలో అది 11 కిలోమీటర్లకు పైమాటే. ఇదంతా నిజంగా జరుగుతుందా అని అనుమానపడిన ఇంజనీర్లు ఉన్నారు. అందుకని సీజియం గడియారంతో ఎగిరిన ఎన్‌టీఎస్-2 ఉపగ్రహంలో, తేడాను సరిదిద్దే పరికరం పెట్టి కూడా దాన్ని ఆపి ఉంచారు. ఇరవై రోజులు చూశారు. లక్ష కోట్లకు 446.5 వంతులు తొందరపడాలని సిద్ధాంతం, తొందరపడింది 442.5 వంతులు. ఇక మాట్లాడకుండా స్విచ్ వేశారు. అప్పటి నుంచి ప్రతి జీపీఎస్ గడియారాన్నీ నేల మీద ఉండగానే ఆ మేరకు కాస్త నెమ్మదిగా నడిచేట్టు సర్ది పంపుతారు.

మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న ఎగిరింది. తర్వాత దశాబ్దం పైగా నత్తనడక. 1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. దాన్ని కూల్చేస్తే 269 మంది చనిపోయారు. పూర్తయ్యాక జీపీఎస్‌ను పౌర విమానాలకూ ఇస్తామని రీగన్ ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది. 1986లో చాలెంజర్ అనే స్పేస్ షటిల్ పేలిపోవడంతో, షటిల్‌లో ఎక్కాల్సిన జీపీఎస్ ఉపగ్రహాలు నేల మీదే ఉండిపోయాయి, చివరికి డెల్టా రాకెట్లు ఎక్కాయి. భూమి చుట్టూ ఆరు కక్ష్యల్లో, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు పన్నెండు గంటలకో చుట్టు తిరిగే 24 ఉపగ్రహాల దండు సిద్ధమైందని 1995లో ప్రకటించారు.

ఇస్తూ ఇస్తూనే ఒక మెలిక పెట్టారు. శత్రువు వాడుకుంటాడని భయపడి 1990 మార్చిలో పౌరుల సిగ్నల్‌లో గడియారాన్ని కావాలనే తడబడేట్టు చేశారు. నానోసెకన్ల కోసం అంత పాటుపడి చివరికి గడియారానికే అబద్ధం నేర్పారన్నమాట! చోటు వంద మీటర్ల దాకా తప్పేది. తమాషా ఏమిటంటే, కొన్ని నెలలకే గల్ఫ్ సంక్షోభం వచ్చింది. మిలిటరీ రిసీవర్లు చాలక సైనికులు బజారులో దొరికే పౌర రిసీవర్లతో ఎడారిలోకి దిగారు. తమవాళ్లే దారి తప్పుతారని ఆ అబద్ధాన్ని తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలుపెట్టారు. ఇంకా తమాషా, వైమానిక దళం చెడగొట్టిన సిగ్నల్‌ను సరిదిద్దే సమాచారాన్ని అమెరికా కోస్ట్‌గార్డే తీరం వెంబడి ఓడలకు ప్రసారం చేసేది. 2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం దీన్ని పూర్తిగా ఎత్తేసింది. ఆ ఒక్క రాత్రిలో లోకంలోని పాత రిసీవర్లన్నీ బాగుపడ్డాయి. కార్లలో, ఫోన్లలో జీపీఎస్ వ్యాపారం ఊపందుకున్నది ఆ తర్వాతే.

మిగతావాళ్ల కథ క్లుప్తంగా చెప్పొచ్చు. సోవియట్ యూనియన్ 1982లో మొదలుపెట్టిన గ్లొనాస్‌ను, దేశం విచ్ఛిన్నమయ్యాక రష్యా డబ్బు లేక అరడజను దాకా దిగజార్చుకుని, 2011లో మళ్లీ 24కు నింపుకుంది. యూరప్ గెలీలియో 2016లో సేవలు మొదలుపెట్టింది. చైనా బైదూ ప్రపంచమంతటికీ సరిపడా 2020లో పూర్తయింది. మనం ఇప్పుడు కొనే ఫోన్లలో చాలావరకు వీటన్నిటినీ కలిపే వింటాయి.

మన దేశానికి రెండు దారులు. ఒకటి గగన్. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి జీపీఎస్ తప్పులను లెక్కకట్టి, సవరణలను భూస్థిర ఉపగ్రహాల ద్వారా చెప్పే ఏర్పాటు. దీనికి మన ఆకాశంలోనే పెద్ద అడ్డంకి ఉంది. అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణ కొస దగ్గరగా పోవడం వల్ల భారతదేశం మీది ఐనోస్ఫియర్, అంటే సిగ్నల్ దాటి రావాల్సిన విద్యుదావేశ పొర, మహా చపలం. పొద్దుగూకాక సిగ్నళ్లు మరీ మినుకుమంటాయి. అమెరికా వాళ్ల లెక్క ఇక్కడ పనిచేయక, ఇస్రో సొంత నమూనా కట్టుకోవాల్సి వచ్చింది. గగన్ విమానాల కోసం పుట్టినా దాని ఫలితం మన మత్స్యకారులకూ అందింది. 2017లో ఓఖీ తుఫాను హెచ్చరిక, ఫోన్ సిగ్నల్ అందనంత దూరం వేటకు పోయిన బోట్లకు చేరలేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ తర్వాత జెమిని అనే పరికరాన్ని తెచ్చింది. తుఫాను కబురూ, చేపలు దొరికే చోటూ గగన్ ఉపగ్రహం నుంచి అందుకుని బోటు నడిపించే తండేలు చేతిలోని ఫోన్‌కు బ్లూటూత్‌తో పంపిస్తుంది.

రెండోది సొంత దండు, నావిక్. 2006లో అనుమతి వచ్చింది. ప్రపంచమంతా తిరిగే 24 మనకు అక్కర్లేదని, మన దేశం, సరిహద్దు అవతల 1,500 కిలోమీటర్లు చాలనుకున్నారు. ఏడింటితో సరిపెట్టారు: మూడు భూమధ్యరేఖ మీద కదలకుండా, నాలుగు ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తూ. కదలని మూడింటిలో మధ్యదానికి కేటాయించిన చోటు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం, అంటే దాదాపు మన విశాఖపట్నం రేఖాంశమే. 2013 జులై 1న మొదటిది, 2016 ఏప్రిల్ 28న ఏడోది శ్రీహరికోట నుంచి ఎగిరాయి.

దెబ్బ గడియారాల దగ్గరే తగిలింది. స్విట్జర్లాండ్ నుంచి తెప్పించిన రుబీడియం గడియారాలు ఒక్కోదానిలో మూడేసి పెడితే, మొదటి ఉపగ్రహంలో మూడుకు మూడూ మొరాయించాయి. ఉపగ్రహం బాగానే ఉంది, రేడియో బాగానే ఉంది, టైము చెప్పలేదు కాబట్టి దారి చెప్పడానికి పనికిరాదు. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపినది రాకెట్ తలమీది కవచం విడిపోక అందులోనే బందీ అయింది. తర్వాత మిగతావాటిలోనూ గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగుతూ వచ్చాయి. ఇది మన చేతకానితనమని నవ్వినవాళ్లు గమనించాల్సింది, అదే కాలంలో యూరప్ గెలీలియోలోనూ గడియారాలు వరసగా ఆగాయని.

ఇస్రో అహ్మదాబాద్ కేంద్రం సొంత రుబీడియం గడియారం చేసింది. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో అది మొదటిసారి కక్ష్యకు చేరింది. ఆ వరసలో రెండోది ఎన్‌వీఎస్-02, 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా వెళ్లింది. రాకెట్ తన పని తాను సరిగ్గా చేసి వదిలింది. ఉపగ్రహాన్ని పై కక్ష్యకు ఎత్తాల్సిన ఇంజనుకు ఆక్సిడైజర్ అందించే కవాటం మాత్రం తెరుచుకోలేదు. అనుకున్న కక్ష్యకు చేరక, అది రాకెట్ వదిలిన సాగదీసిన కక్ష్యలోనే తిరుగుతూ ఉండిపోయింది. అప్పటికి ఆ వరసలో ఇంకో మూడు ఎగరాల్సి ఉన్నాయి.