షోపాన్ కడపటి కల

పోలెండు సంగీతకర్త షోపాన్ 1849 అక్టోబరు 17న, తన 39వ ఏట, పారిస్ నగరమున మరణించెను. మరణశయ్యపై ఆయన కన్న కలను కథగా కల్పించి, జపానువారు 2007లో 'ఎటర్నల్ సొనాటా' అను వీడియో ఆటను వెలువరించిరి.

దానిని మేము ఆడితిమి. అందు షోపాన్ కూడ ఒక యోధుడే! తోడివారికి పోల్కా, అల్లెగ్రెట్టో, వయోలా అని సంగీతమునకు సంబంధించిన పేర్లు. పోరు వెలుగులో ఒకతీరు, నీడలో మరియొకతీరు. ఇంతవరకు వినోదమే.

అధ్యాయముల నడుమ ఆట ఆగును. చేతులకు పని యుండదు. తెరపై ఛాయాచిత్రములతో షోపాన్ చరిత్ర సాగుచుండ, ఆయన రచన యొకటి పియానోపై వినవచ్చును. 1830 నవంబరులో ఆయన వార్సా విడిచెను. ఆ నెల 29న అచట రష్యా ఏలుబడిపై తిరుగుబాటు చెలరేగెను. 1831లో రష్యా సైన్యము దానిని అణచివేసెను. ఆయన మరల స్వదేశమును చూడలేదు. ఆటలో మనము విను 'రివల్యూషనరీ ఎట్యూడ్'ను వాయించినది, 1985లో వార్సా షోపాన్ పోటీయందు ప్రథముడుగా నిలిచిన స్టానిస్లావ్ బునిన్. ఆయన జన్మస్థలము మాస్కో! మాకిది చిత్రముగా తోచినది.

కథలో పోల్కా అల్పాయుష్కురాలైన బాలిక. షోపాన్ చెల్లెలు ఎమీలియా 1827లో, 14వ ఏట కన్నుమూసెను. ఆ సంగతి తెలిసిన పిమ్మట పోల్కాను కాపాడవలెనని మేము పడిన ఆరాటము ఆటగాని ఆరాటము కాదు. ఎంత నేర్పుగా ఆడినను షోపాన్ బ్రతుకడు. ఆయన గుండెను అక్క లుద్విక వార్సాకు కొనిపోయెను. అచటి హోలీ క్రాస్ చర్చి స్తంభమున నేటికిని అది కలదు.