కొబ్బరికాయల లోడులో ఒక అట్టపెట్టె

తెల్లవారుజామున నాలుగు గంటలు. మడకశిర కొండ చీకట్లో కలిసిపోయి ఉంది, రాయి ఏదో కోటగోడ ఏదో తెలియట్లేదు. రాత్రి కురిసిన వానకు ఎర్రమన్ను చెప్పులకు అంటుకుంటోంది. మీ టాటా ఏస్ నిండా కొబ్బరికాయలు. టార్పాలిన్ మీద తాడు లాగి చివరి ముడి వేస్తున్నారు. ఎనిమిదింటికల్లా యశ్వంతపురం మార్కెట్లో దింపాలి.

టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక కుర్రోడు వచ్చి ఆగాడు. ముఖం చూసినట్టే ఉంది, ఎవరి కొడుకో గుర్తు రావట్లేదు.

"అన్నా, బెంగుళూరికేనా?"

"ఊఁ. ఏం?"

"ఈ పెట్టె యశ్వంతపురంలో ఇచ్చేయన్నా. మనిషి ఫోన్ చేసి వచ్చి తీసుకుంటాడు."

"ఏముండాదిరా దీంట్లో?"

"నాటుకోడి పిల్లలన్నా."

యాపిల్ పండ్లు వచ్చే అట్టపెట్టె. నాలుగు పక్కలా మేకుతో పొడిచిన బొక్కలు. ఎత్తి చూస్తే కోడిపిల్లల బరువు కాదు. కోడిపిల్లలైతే కీచుకీచుమని అరుస్తాయి కూడా. లోపల ఏదో అట్టను నిదానంగా గీరుతోంది, ఆగుతోంది, మళ్లీ గీరుతోంది. పెట్టె అడుగున ఒక మూల తడి. మీకు అనుమానం రాకపోలేదు. ఈలోగా రెండు ఐదొందల నోట్లు మీ చొక్కా జేబులోకి వచ్చాయి. పెట్టె సీటు వెనక కొబ్బరికాయల మధ్య సర్దుకుంది.

బండి ఇంకా స్టార్టు కాలేదు. చట్టం లెక్కలో మాత్రం మీరు ఇప్పటికే ఇరుక్కున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 48ఏ అని ఒక సెక్షను ఉంది. అది వేటగాడి కోసం రాసింది కాదు, కొనేవాడి కోసమూ కాదు. అచ్చంగా మీకోసం, అంటే రవాణా చేసేవాడి కోసం. అడవి జంతువును బండెక్కించుకునే ముందు దానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉందో లేదో తగిన జాగ్రత్తతో కనుక్కోవాల్సిన బాధ్యత బండివాడిదే. "నేను డ్రైవర్ని సార్, నాకేం తెలుసు?" అని రేపు చెప్పబోయే మాటకు ఆ సెక్షను ముందే తలుపు మూసేసింది. లారీ ఆఫీసులో, బస్సు పార్శిల్ కౌంటర్లో కూర్చునేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో నాకైతే అనుమానమే.

పెట్టె మూత కొంచెం ఎత్తుదాం. పాత బనియన్ గుడ్డ మీద అరచేయంత తాబేళ్లు. నల్లటి డిప్ప, దాని మీద ఒక్కో బొడిపె నుంచి పసుపు గీతలు నక్షత్రంలా విచ్చుకున్నాయి. కొన్నిటి కాళ్లు కదలకుండా డిప్పతో కలిపి ప్లాస్టర్ టేపు చుట్టేశారు. టేపు సరిగ్గా అంటుకోని ఒకటి ముందరి కాలితో అట్టను గీరుతోంది. ఆ తడి ఏమిటంటే, బెదిరినప్పుడు మెట్ట తాబేలు ఒంట్లో దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది. వానలు లేని నెలల్లో బతకడానికి అది దాచుకునే నీరు అదే. ఎత్తిన ప్రతిసారీ కాస్త పోతుంది. ఇవి నక్షత్ర తాబేళ్లు. మడకశిర, పెనుకొండ, మదనపల్లె, అవతల కోలారు వైపు ముళ్లకంపల్లో, గడ్డి బీళ్లలో, గుట్టల వాలుల్లో ఉంటాయి.

తొలకరి పడగానే ఇవి పొద్దునా సాయంత్రం మేతకు బయటికి వస్తాయి. పట్టేవాళ్ల సీజను కూడా అదే. వలా అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. గొర్రెలు మేపుకుంటూ పోయే పిల్లవాడు వంగి ఎత్తుకుంటే చాలు. అలా ఎత్తుకోవడమే "వేట" అని చట్టం నిర్వచనం. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, గుడ్లు పాడుచేయడం అన్నీ అందులోకే వస్తాయి. ఊళ్లో మొదట చేతులు మారేటప్పుడు దొరికేది చిల్లర డబ్బు. అసలు డబ్బంతా దారి పొడవునా, ఒక్కో చేయి దగ్గర పెరుగుతూ పోతుంది. ఆగ్నేయాసియాలో పెంపుడు జంతువుల సరదా ఉన్నవాళ్లకు ఈ నక్షత్రాలంటే మోజు. మనదేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లు పోతున్నాయని 2015లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఆడ తాబేలు ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది, పెట్టే గుడ్లు కొద్ది. అంత తోడితే ఊరేది ఎక్కడ?

ఇంజను అందుకుంది. ఊరు దాటి మధుగిరి రోడ్డెక్కారు. చింతచెట్లు హెడ్‌లైట్ల వెలుగులోకి వచ్చి వెనక్కి పోతున్నాయి. కాసేపటికి ఒక బోర్డు మీద తెలుగు అక్షరాలు, తర్వాతి బోర్డు మీద కన్నడ అక్షరాలు. అంతే, రాష్ట్రం మారింది. మడకశిర ప్రాంతమే కర్ణాటకలోకి పొడుచుకుపోయినట్టు ఉంటుంది. అటు చూస్తే పావగడ ఆంధ్రలో చిక్కుకున్నట్టు ఉంటుంది. అగళి మనిషికి శిర సంత దగ్గర, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ. రోజుకు రెండుసార్లు రాష్ట్రం దాటేవాడికి అది దాటినట్టే ఉండదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సేల్స్‌టాక్స్ చెక్‌పోస్టులు కూడా పోయాయి. "ఇప్పుడు అడిగేవాడెవడు?" అనే ధైర్యం అక్కడి నుంచే పుట్టింది.

ఆ ధైర్యంలో ఉన్న పొరపాటు ఏమిటంటే, సరిహద్దు దగ్గర అప్పట్లో పట్టుకునేది సరుకు పన్ను. తాబేలు కేసుకు సరిహద్దుతో పనే లేదు. అది కేంద్ర చట్టం, ఇటూ అదే, అటూ అదే. గీత దాటినందుకు నేరం కాదు. చేతిలో ఉన్నందుకు నేరం. పట్టుకోవడమూ ఎక్కువగా చెక్‌పోస్టుల్లో కాదు, కబురు మీద జరుగుతుంది. కొన్నేళ్ల కిందట విశాఖపట్నంలో డీఆర్ఐ (రెవెన్యూ ఇంటెలిజెన్స్) అధికారులు రైల్లో పోతున్న వెయ్యికి పైగా నక్షత్ర తాబేళ్లను పట్టుకున్నారు. వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 2016 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా "ఆపరేషన్ సేవ్ కూర్మ" పేరుతో దేశమంతా గాలిస్తే ప్రాణాలతో దొరికిన తాబేళ్లు 15,739.

మీ ఎడమ చేతి వైపు, తూర్పున ఎక్కడో మైదనహళ్లి. జయమంగలి కృష్ణజింకల రక్షిత ప్రాంతం అక్కడే ఉంది. ఆ జింకలు మేస్తూ మేస్తూ ఆంధ్రలోకి వస్తాయి, పోతాయి, వాటిని ఎవరూ ఏ పర్మిటూ అడగరు. వాటిలో ఒక్కదాన్ని మీరు బండెక్కిస్తే మాత్రం జైలు.

మలుపు దగ్గర టార్చిలైటు పైకీ కిందికీ ఊగింది. అటవీశాఖ జీపు అడ్డంగా ఉంది. బ్రేకు వేశారు.

"ఏనప్పా, గాడియల్లి ఏనిదె?" బండిలో ఏముందని ఒక అధికారి అడిగారు.

"తెంగినకాయి సార్." కొబ్బరికాయలే అన్నారు మీరు.

మీ కన్నడం బాగానే ఉంది. మడకశిరలో పుట్టినవాడికి అది రాకపోతేనే వింత. ఆయన వినట్లేదు. నేరుగా సీటు వెనక్కి వెళ్లి, నాలుగు కాయలు పక్కకు జరిపి, పెట్టె మీద చేయి వేశారు. వెతకాల్సిన పని పడలేదు. ఎక్కడుందో తెలిసే వచ్చారు.

పెట్టె జీపు బానెట్ మీదికి వచ్చింది. ఒక గార్డు టేపు విప్పుతూ ఒక్కో తాబేలునూ బయటికి తీసి లెక్కపెడుతున్నాడు. ఒకటి కదలట్లేదు. దాన్ని విడిగా గుడ్డ మీద పెట్టాడు. ఇంకొకరు కాగితం మీద మహజరు రాస్తున్నారు: బండి నంబరు, చోటు, టైము, తాబేళ్ల సంఖ్య, బరువు. దారిన పోయే పాలబండి మనుషులు ఇద్దరు సాక్షులయ్యారు. మీ ఫోను తీసుకున్నారు. మీ వేళ్లు చొక్కా జేబు తడుముకున్నాయి. ఆ రెండు నోట్లు కూడా కాగితంలోకి ఎక్కాయి.

"ఫైన్ కట్టేస్తాను సార్. ఎంతైతే అంత."

చాలామంది అనే మాటే ఇది, ఒకప్పుడు కొంత చెల్లుబాటయింది కూడా. నక్షత్ర తాబేలు చాలా కాలం చట్టంలో నాలుగో షెడ్యూల్లో, తక్కువ శిక్షల గూటిలో పడి ఉంది. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో దాన్ని మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. అంటే అడవిలో పట్టినదాన్ని ప్రపంచంలో ఎక్కడా వ్యాపారానికి దేశం దాటించడానికి వీల్లేదు. మన చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో తాబేలు మొదటి షెడ్యూలుకు, పులి పక్కకు చేరింది. ఇప్పుడు శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు. దానికి తోడు జరిమానా 25,000 రూపాయలకు తగ్గకూడదు. ఇలా కనీస జైలు శిక్ష ఉన్న నేరాన్ని ఆఫీసులో డబ్బు కట్టి రాజీ చేసుకునే అధికారం ఏ అధికారికీ లేదు. బేరానికి అక్కడ చోటే లేదు.

దీనికి 57వ సెక్షను ఇంకో మెలిక పెడుతుంది. పెట్టె మీ దగ్గర దొరికిందని రుజువైతే, అది అక్రమంగానే మీ దగ్గర ఉందని కోర్టు అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మీరు. మామూలు కేసుల్లో పోలీసు మెడ మీద ఉండే బరువు ఇక్కడ మీ మెడకు వచ్చింది.

తెల్లారుతోంది. మధుగిరి అటవీ రేంజి ఆఫీసు వసారాలో కూర్చోబెట్టారు. మీ పక్కన బెంచీ మీద మరో మనిషి ఉన్నాడు, ఒళ్లో ఖాళీ పంజరం. ఆయన కథ వేరు. బెంగుళూరు నుంచి హిందూపురానికి రంగురంగుల చిలుకను తెస్తున్నాడట. "ఇది ఫారిన్ పక్షి సార్, మన అడవిది కాదు. షాపులో బిల్లు ఇచ్చారు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆ నమ్మకం కూడా పాతబడింది. మకావ్, సన్ కొన్యూర్, ఇగువానా, బాల్ పైథాన్ లాంటి సైటీస్ జీవులన్నీ ఇప్పుడు మన చట్టం కొత్త నాలుగో షెడ్యూల్లో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి, చేతులు మారితే అదీ తెలపాలి. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువిచ్చారు, అది ఆ ఆగస్టుతోనే అయిపోయింది. షాపు బిల్లు కొన్నట్టు రుజువు మాత్రమే, నమోదు కాగితం కాదు. మన రామచిలుక సంగతైతే బిల్లు ప్రసక్తే లేదు. పంజరంలో పెట్టడమే నేరం. జాతరల్లో చిలక జోస్యం చూపించుకున్నవాళ్లం కాబట్టి ఇది మనకు ఎక్కదు.

తాబేళ్ల పని మీ పనికన్నా చిక్కు. మేజిస్ట్రేటు అనుమతి ఇస్తే కొంతకాలం చూసి అడవిలో వదులుతారు. ఏ అడవిలో? అవి ఏ గుట్ట మీద పుట్టాయో మీకూ తెలియదు, పట్టినవాడు చెప్పడు. ఒక ప్రాంతం తాబేళ్లను ఇంకో ప్రాంతంలో వదిలితే జన్యువులు కలిసిపోతాయి, మందలో ఉన్న రోగం కూడా వెంట పోతుంది. 2018 నవంబరులో సింగపూర్ నుంచి 51 నక్షత్ర తాబేళ్లను విమానంలో బెంగుళూరుకు వెనక్కి తెచ్చారు. అక్కడికి దొంగదారిన పోయినవే అవి. నేరుగా వదలకుండా, కంచె వేసిన చోట ముందు అలవాటు పడనిచ్చి ఆ తర్వాతే వదలాలని ఏర్పాటు చేశారు. అంత అదృష్టం పట్టేవి చాలా తక్కువ.

పదకొండింటికి మీ బావమరిది వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు. బండి ఫైనాన్స్‌లో ఉందని, కంతులు ఆగకూడదని ఆయనకు మొదట చెప్పాడు. వకీలు తల ఊపాడు. నేరానికి వాడిన బండి ప్రభుత్వపరం కావచ్చని చట్టంలోనే ఉంది. తాత్కాలికంగా విడిపించుకోవడానికి పిటిషన్ వేయవచ్చు, కానీ ఈలోగా అది రేంజి ఆఫీసు ఆవరణలోనే నిలబడాలి. కొబ్బరికాయలు ఎవరివో వాళ్లు వేరే బండి తెచ్చుకోవాలి.

"కేసు మన మడకశిరకు మార్పించుకోవచ్చు కదా సార్?" అన్నాడు బావమరిది.

వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం ఏయే కోర్టుల పరిధిలోంచి సాగిందో వాటిలో దేంట్లోనైనా విచారించవచ్చు. పట్టుకున్నది వీళ్లు, ఫిర్యాదు వేసేది వీళ్లు, సాక్షులు ఇక్కడివాళ్లు. అందుకని మధుగిరిలోనే నడుస్తుంది. పొద్దుట్నుంచీ లెక్కలోకి రాని ఆ సరిహద్దు గీత ఇప్పుడు లెక్కలోకి వచ్చింది: వాయిదా పడ్డ ప్రతిసారీ మీరు రాష్ట్రం దాటాలి, జామీను ఇచ్చేవాళ్లను ఇక్కడే వెతుక్కోవాలి, ఫిర్యాదు కన్నడంలో చదివించుకోవాలి.

"మాట్లాడతాం గానీ చదవలేం సార్," అన్నాడు బావమరిది.

"నేను చదివి చెప్తాను. ముందు జామీనుకు ఇద్దరిని చూడండి," అని వకీలు ఫైలు సంకన పెట్టుకుని లేచాడు.