నది కింద మరో నది

నది వెళ్లి సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఎలా కలుస్తుందో మాత్రం ఏ పంతులమ్మా చెప్పలేదు. బి.ఏ. చదివి నవలలు రాసుకునే నాకు ఆ ముచ్చట ఒక రాణీగారికి రాసిన ఉత్తరం పుణ్యమా అని తెలిసింది.

1679లో మార్సిలి అనే ఇటలీ కుర్రాడు ఇస్తాంబుల్ వెళ్లాడు. ఇరవయ్యొక్కేళ్లవాడు. అక్కడి బాస్ఫరస్ జలసంధిలో నీరు నల్ల సముద్రం నుంచి దక్షిణానికి పారుతూ కనిపిస్తుంది. అడుగున మాత్రం ఎదురు పారుతుందని జాలరులు చెప్పేవారట. మార్సిలి ఆ మాట కొట్టిపారెయ్యలేదు. తాడుకి సీసపు గుండు కట్టి, పొడుగునా తెల్లరంగు వేసిన బిరడాలు గుచ్చి నీళ్లలోకి దింపాడు. పై బిరడాలు దక్షిణానికి కొట్టుకుపోయాయి. లోతుకి వెళ్లేకొద్దీ ఉత్తరానికి తిరిగాయి!

కారణం ఉప్పు. ఉప్పునీరు బరువు, నల్ల సముద్రపు నీరు తేలిక. ఒక తొట్టికి మధ్యలో అడ్డు పెట్టి, ఒకవైపు అడుగు ప్రవాహపు నీటిని రంగు కలిపి, రెండోవైపు తేలిక నీటిని పోశాడు. అడ్డులోని కంతలు తెరిస్తే రంగునీరు కింది కంతలోంచి అటు, తేలిక నీరు పై కంతలోంచి ఇటు వచ్చాయి. ఇదంతా స్వీడన్ మాజీ రాణి క్రిస్టినాకి ఉత్తరంగా రాసి, 1681లో అచ్చు వేయించాడు.

నదీముఖాల్లోనూ చాలాచోట్ల ఇదే వరస. కాకపోతే అక్కడ రోజూ ఆటుపోట్లు వచ్చి రెండు నీళ్లనీ కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి. అమెరికాలో జేమ్స్ నది ముఖం దగ్గర 1950లో ప్రిచర్డ్ బృందం వేర్వేరు లోతుల్లో ప్రవాహాన్నీ ఉప్పునీ కొలిచింది. ఆటూ పోటూ ఒకదానికొకటి చెల్లు వేస్తే, పైనీరు సముద్రానికి, అడుగునీరు ఎగువకి పోతున్నట్టు తేలింది. ఈదే బలం చాలని ఆల్చిప్ప పిల్లలు ఏరుకి ఎదురెక్కి ఎగువకి ఎలా చేరుతున్నాయో అప్పుడు బోధపడింది. అడుగునున్న ఉప్పునీరే వాటికి పల్లకీ!

ఇప్పుడు బిరడాలతో పనిలేదు. నీళ్లలోకి ధ్వని పంపి, వచ్చే ప్రతిధ్వనిని బట్టి ఏ లోతులో ఎంత వేగమో లెక్కగడుతున్నారు.

మనకెందుకీ లెక్కలంటారా? పైనుంచి మంచినీరు తగ్గితే ఆ పల్లకీ మరింత ఎగువకి నడిచి వస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి వేసవిలో సన్నబడినప్పుడు, సముద్రం దగ్గరి ఊళ్లలో బిందె పట్టుకుని నిలబడే ఇల్లాలికి ఆ సంగతి గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది.