కూపర్ నిరాశకు కారణం ముందు నిర్ణయ సిద్ధాంతమేనా?

ఇంగ్లీషు కవి విలియం కూపర్ (1731–1800) కాల్వినిస్టు పాదిరి జాన్ న్యూటన్‌తో కలిసి ‘ఓల్నీ కీర్తనలు’ రాశాడు. 1779లో ఆ పుస్తకం వెలువడేనాటికే, కూపర్ దేవుడు తనను తోసివేశాడని నమ్ముతున్నాడు. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడనే కాల్వినిస్టుల ముందు నిర్ణయ బోధే ఆయన మతి చెడగొట్టిందని కొందరు విమర్శకులు తేల్చేశారు. ఆధారాలు అంత సూటిగా లేవు.

తేదీలు చూద్దాం. 1763లో, ప్రభువుల సభలో ఒక ఉద్యోగానికి పరీక్ష దగ్గరపడుతుండగా కూపర్ ఆత్మహత్యకు ప్రయత్నించాడు. తనకు క్షమాపణ లేదన్న భయం అప్పుడే పట్టుకుంది. మారుమనస్సు పొందింది 1764లో, సెయింట్ ఆల్బన్స్‌లోని డాక్టర్ కాటన్ చికిత్సాలయంలో. న్యూటన్ పరిచయం 1767లో. అంటే జబ్బు ముందే ఉంది. అయితే 1763 సంగతులు ఎక్కువగా కూపర్ స్వీయకథ నుంచే తెలుస్తున్నాయి. అది మారుమనస్సు తర్వాత రాసింది కాబట్టి, పాత భయాలకు కొత్త విశ్వాసపు రంగు అంటి ఉండవచ్చు.

1773లో జబ్బు తిరగబెట్టింది. ప్రాణం బలి ఇచ్చుకోమని దేవుడు ఆజ్ఞాపించాడనీ, అది నెరవేర్చలేకపోయినందుకు నాశనం తప్పదనీ నమ్మాడు. సిద్ధాంతానికీ ఈ నమ్మకానికీ పొసగదు. నిజంగా రక్షణ పొందినవాడు చివరికి తప్పిపోడని కాల్వినిస్టుల బోధ. రక్షణ పొంది కూడా పోగొట్టుకున్నానని కూపర్ వాదన. ఆ నియమానికి తానొక్కడే మినహాయింపు!

అలాగని సిద్ధాంతాన్ని పూర్తిగా నిర్దోషిగా వదిలేయలేం. పౌలు రోమా 8లో శ్రమల గురించి చెబుతూనే ముందు నిర్ణయాన్ని ఆదరణగా చూపాడు. ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస సూత్రాల్లో 17వది కూడా, భక్తులకు ఈ ధ్యానం ఎంతో ఆదరణ అంటుంది. అదే సూత్రం, క్రీస్తు ఆత్మ లేనివారిని ఇది నిరాశలోకి తోస్తుందనీ హెచ్చరిస్తుంది. ఆ రెండో మాట తన గురించేనని ఖాయం చేసుకున్నవాడికి మొదటిది చెవికెక్కదు.

1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 18వ అధ్యాయం ఇంకొంచెం దయగా ఉంటుంది. నిజ విశ్వాసికి సైతం తాను రక్షణ పొందానన్న నిశ్చయత ఆలస్యం కావచ్చు, వచ్చాక సడలనూవచ్చు. అంటే నిశ్చయత లేనంత మాత్రాన రక్షణ లేదనుకోనక్కర్లేదు. న్యూటన్ నడత ఈ తేడాకు దగ్గరగా కనిపిస్తుంది. 1773 ఏప్రిల్ నుంచి ఏడాదికి పైగా కూపర్‌నూ, ఆయనను కనిపెట్టుకుని ఉన్న మేరీ అన్విన్‌నూ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. కూపర్ గుడికి రావడం మానేసినా స్నేహం మానలేదు. 1774లో కూపర్ కుందేలు పిల్లల్ని పెంచడం మొదలుపెట్టాడు. వాటి పోషణ మనసుకు కాస్త ఊరటనిచ్చిందని తర్వాత తానే రాశాడు. ముందు నిర్ణయ సిద్ధాంతం కూపర్‌కు నెమ్మదినివ్వలేదు గానీ, పక్కనున్న న్యూటన్‌కు ఓర్పునిచ్చిందని నా అంచనా. అంతకుమించి రుజువు చేయలేం.

చివరికైనా కూపర్‌కు నిశ్చయత దొరికిందా? 1799లో రాసిన ‘ది కాస్టవే’ కవితలో ఆ జాడ లేదు. చనిపోయాక ఆయన ముఖంలో పవిత్రమైన ఆశ్చర్యం కనిపించిందని బంధువు జాన్ జాన్సన్ రాశాడు. భక్తి రచనల్లో దీన్ని తరచూ సాక్ష్యంగా చూపుతారు. ఆయన్ని ప్రేమించినవాడి మాటగా దాన్ని గౌరవించవచ్చు. కూపర్ మనఃస్థితికి ఆధారంగా మాత్రం తీసుకోలేం.