మెండెజ్ దంపతుల బడి పోరాటం

అమెరికాలో వేరు బడుల మాట ఎత్తగానే మనకు నల్లజాతివారి పోరాటం, 1954 నాటి బ్రౌన్ కేసు తీర్పు గుర్తుకు వస్తాయి. అంతకు ఏడేళ్ళ ముందే కాలిఫోర్నియాలో మెక్సికన్ సంతతివారు సాధించిన విజయం గురించి మనలో తెలిసినవారు తక్కువ. మన మనుమలు, మనుమరాళ్ళు ఎందరో నేడు ఆ రాష్ట్రంలోనే చదువుతున్నారు కనుక ఈ ప్రత్యేక సంచికకు ఆ చరిత్రే వ్రాయాలనిపించింది.

గొంజాలో మెండెజ్ మెక్సికోలో పుట్టినవారు. ఆయన భార్య ఫెలిసిటాస్‌ది పోర్టోరికో. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. అలా వెళ్ళిన మునెమిత్సు కుటుంబంవారి పొలం కౌలుకు తీసుకుని ఈ దంపతులు వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరికి వచ్చారు. గొంజాలో సోదరి సోలెడాడ్ విడౌరి తన పిల్లలతోపాటు సోదరుని పిల్లలను కూడా బడిలో చేర్చడానికి తీసుకువెళ్ళారు. ఆమె పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు కూడా మెక్సికన్ పేరులా లేదు కనుక చేర్చుకుంటామన్నారు. మెండెజ్ పిల్లలను మాత్రం మెక్సికన్ బడికి పొమ్మన్నారు. ఆమె ఎవరినీ చేర్చకుండా అందరినీ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశారు.

గొంజాలో ఎంతకీ పట్టు విడవకపోయేసరికి, ఆయన పిల్లలకు మాత్రం మినహాయింపు ఇస్తామన్నారు అధికారులు. ఆయన ఒప్పుకోలేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. తన పని అయిపోతే చాలుననుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది.

1945 మార్చి 2న ఆయన, మరి నలుగురు తండ్రులు కలిసి నాలుగు స్కూలు డిస్ట్రిక్టుల మీద లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. దాదాపు 5,000 మంది పిల్లల తరఫున వేసిన దావా అది. న్యాయవాది డేవిడ్ మార్కస్. గొంజాలో సాక్షులను కూడగట్టడానికి ఊళ్ళు తిరుగుతుంటే వ్యవసాయం ఫెలిసిటాస్ చూసుకున్నారు. ఈ పిల్లలకు ఇంగ్లీషు రాదు కనుకనే వేరు బడి పెట్టామని అధికారుల వాదన. చక్కగా ఇంగ్లీషు మాట్లాడే పిల్లలే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడంతో ఆ వాదన నిలవలేదు.

1946 ఫిబ్రవరి 18న న్యాయమూర్తి పాల్ మెక్‌కార్మిక్ తీర్పు చెప్పారు. పుస్తకాలు, భవనాలు సమానంగా ఉన్నంత మాత్రాన సమానత్వం కాదన్నారు. అప్పీలు కోర్టు 1947 ఏప్రిల్ 14న దానిని ఖాయపరచింది. అయితే, రాష్ట్ర చట్టంలో మెక్సికన్ల ప్రస్తావన లేదు కనుక వారిని వేరుచేయడం చెల్లదన్న పరిమిత కారణం మీదనే. ఆ చట్టం చైనా, జపాన్ సంతతివారి పిల్లలకు, అమెరికన్ ఆదివాసుల పిల్లలకు మాత్రం వేరు బడులు పెట్టనిచ్చేది. అదే ఏడాది జూన్‌లో గవర్నరు ఎర్ల్ వారెన్ సంతకంతో ఆ నిబంధనలూ రద్దయ్యాయి. ఐదు కుటుంబాలు వేసిన దావా ఇతరుల పిల్లలకూ తలుపు తెరిచింది.

1954లో బ్రౌన్ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి ఈ వారెన్‌గారే. ఆ కేసు వాదించిన థర్‌గుడ్ మార్షల్, మెండెజ్ కేసు అప్పీలులోనూ నల్లజాతివారి సంఘం తరఫున మద్దతు వాదన సమర్పించినవారిలో ఒకరు.

నాడు బడి గుమ్మంలోంచి తిప్పి పంపిన పిల్లలలో ఒకరైన సిల్వియా మెండెజ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆ తరువాత బడులకు వెళ్ళి తన తల్లిదండ్రుల కథ పిల్లలకు చెబుతూ వచ్చారు. 2011లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు దేశ అత్యున్నత పౌర పురస్కారం అందించారు. విశ్రాంత జీవితానికి ఇంతకన్నా మంచి వ్యాపకం ఏముంటుంది?